అవ్వ పేరు మీద నూటా పన్నెండు పేజీలు

ఆ వికీలో మొత్తం నూటా పన్నెండు పేజీలుండేవి. అందులో నూటా ఆరు నేను రాసినవి. మిగిలిన ఆరింటిలో ఒకటి సెలవుల పట్టిక, ఒకటి మధ్యాహ్నం భోజనం తెప్పించుకునే మెస్సు ఫోను నంబరు. మూడింటిలో 'టెస్ట్' అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. ఆరోది మా యజమాని రాసిన స్వాగతం. అది కూడా ఆయన నోటితో చెబుతుంటే నేనే టైపు చేశాను గానీ, దాన్ని నా ఖాతాలో వేసుకోలేదు. ఇంకొకరి సొమ్ము నాదని చెప్పుకోవడం నాకు చేతకాదు. అందరూ నాలాగే ఉంటారనుకోవడమే నేను చేసిన తప్పు.

వికీ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఆఫీసులో అందరూ కంప్యూటర్లో తెరిచి చదువుకునే పెద్ద నోటుబుక్కు లాంటిది. అందులో ఎవరైనా రాయొచ్చు. రాయొచ్చు గానీ ఎవరూ రాయరు. ఒకడు రాస్తాడు, మిగతావాళ్లు "అందులో ఉందేమో చూడు" అంటారు. మా ఆఫీసులో ఆ ఒక్కణ్ణి నేను. ప్రతి పేజీ అడుగున 'రాసినవారు' అని చిన్న అక్షరాల్లో నా పేరు ఉండేది. ఆ ఆఫీసులో నా పేరు ఉన్న చోటు అదొక్కటే. చేరిన మూడో వారం, మంగళవారం, ఎవరో లారీల ఆసామి వస్తే యజమాని నన్ను వేలితో చూపించి "ఈయప్ప టైపు చేస్తాడు" అన్నాడు. ఆ ఆసామి నా వైపు చూసి "టీ తెప్పించప్పా" అన్నాడు. తెప్పించాను. ఆ సంగతి మరిచిపోలేదు.

అప్పుడు గనుల జోరు. బళ్లారి చుట్టుపక్కల ఏ రోడ్డు చూసినా ఖనిజం మోసే లారీలే. మా యజమానిది సిరుగుప్ప వైపు కాలువ కింద వరి పండించే కుటుంబం. ముందు రైసు మిల్లు పెట్టారు, తర్వాత లారీలు కొన్నారు, ఆ తర్వాత ఏం తోచిందో సాఫ్ట్‌వేర్ పెట్టారు. మేం చేసేది లారీల కాటాలకు సాఫ్ట్‌వేర్. లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి కాటా ఎక్కుతుంది, నిండుగా వచ్చినప్పుడు ఇంకోసారి ఎక్కుతుంది. రెండు తూకాలకూ ఉన్న తేడాయే సరుకు. కంప్యూటర్ అది తీసి చీటీ ముద్రిస్తుంది. చెప్పడానికి ఇంతే. కానీ మధ్యలో జరగగలిగే పొరపాట్లు నూటా ఆరు పేజీలైనాయి.

ఆఫీసు బళ్లారిలో ఒక టైర్ల దుకాణం మీద ఉండేది. కింది నుంచి రబ్బరు వాసన, కిటికీలోంచి ఎర్ర దుమ్ము. వికీ ఉండే కంప్యూటరు యజమాని బల్ల కింద ఉండేది. దానికి దుమ్ము పట్టి వారానికి రెండుసార్లు ఆగిపోయేది. ఒకసారి మూత విప్పితే లోపల ఖనిజం గరిటెడు ఉంది. యజమాని దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి "మంచి గ్రేడప్పా ఇది" అన్నాడు.

ఆ మూత విప్పిన నెలలోనే ఆయన బెంగుళూరు పోయొచ్చాడు. వస్తూ మూడు తెచ్చాడు. ఒకటి, ఇకమీదట తనను అన్నా అనకుండా సార్ అనాలన్న ఆజ్ఞ. రెండు, ఒక ఇంజనీరు. మూడు, ఆ ఇంజనీరు చెప్పిన కొత్త వికీ. అది ఇంటర్నెట్టులో ఉంటుందట, దుమ్ము పడదట, ఎక్కడి నుంచైనా తెరవొచ్చట. ఇంజనీరుకు చక్రాలున్న కుర్చీ కొన్నారు. నాది అప్పటికీ ప్లాస్టిక్ కుర్చీయే, ఒక కాలు కింద మడత పెట్టిన చీటీల కట్ట.

వికీని తరలించడం ఇంజనీరు దృష్టిలో అరగంట పని. యజమాని దృష్టిలో అది కొత్త బండి రోడ్డెక్కడం. ఆరు నెలలు వాయిదాలు పడి, చివరికి ఒక శుక్రవారం ఉదయం మంచి గడియ చూశారు. టెంకాయ తెచ్చే పని నాకు అప్పగించారు. కొత్త లారీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు కదా, వికీకి చక్రాలు లేవు గనుక ఇంజనీరు కుర్చీ చక్రాల కింద పెట్టమన్నాడు యజమాని. నేను నాలుగు నిమ్మకాయలు తెచ్చాను. బండికి నాలుగే కదా తెస్తారు. తీరా చూస్తే ఆ కుర్చీకి ఐదు చక్రాలు.

"ఐదోదానికి ఏదప్పా?" అన్నాడు యజమాని.

"కుర్చీకి ఐదు చక్రాలుంటాయని ఎవరికి తెలుసు సార్?"

"కళ్లుండాయి గదా, ఎంచుకోల్యాక పోతివా?"

ఆ రోజు ఏ పొరపాటు జరిగినా ఐదో చక్రానికి నిమ్మకాయ లేకపోవడం వల్లనే జరిగిందని ఆ తర్వాత ఏడాది పాటు అన్నారు. అసలు పొరపాటు ఎవరిదో ఇప్పుడు చెబుతాను.

కొత్త చోట ముందుగా ఒక ఖాతా తెరవాలి. ఎవరి పేరుతో అని ఇంజనీరు అడిగాడు. యజమాని క్షణం కూడా ఆలోచించకుండా వాళ్లమ్మ పేరు చెప్పాడు. వాళ్లింట్లో అంతే. లారీలు అవ్వ పేరు మీద, మిల్లు అవ్వ పేరు మీద, మిల్లు ముందున్న బోరింగు అవ్వ పేరు మీద. ఆమె పేరు కలిసొస్తుందని నమ్మకం. ఫొటో కూడా కావాలంటే ఏదో పెళ్లిలో తీసిన ఫొటో ఇచ్చాడు. రెండు ముక్కుపుడకలతో, కెమెరా పట్టుకున్నవాడు ఏదో దొంగిలించినట్టు చూస్తూ కూర్చున్న ఫొటో అది. కుర్చీని ముందుకు తోశారు. నాలుగు నిమ్మకాయలు చితికాయి. ఇంజనీరు మీట నొక్కాడు.

"ఎల్లా బంతు సార్! అన్నీ వచ్చేసినాయి" అన్నాడు అరగంటకు, సగం కన్నడంలో.

అన్నీ వచ్చాయి. బొమ్మలు వచ్చాయి, పట్టికలు వచ్చాయి, మెస్సు నంబరు కూడా వచ్చింది. నేను ముందుగా పేజీ అడుగుకు పోయి చూశాను. 'రాసినవారు' అన్న చోట అవ్వ పేరు. పక్కన గుండ్రంగా కత్తిరించిన ముక్కుపుడకల ఫొటో. ఇంకో పేజీ తెరిచాను. అవ్వ. ఇంకోటి. అవ్వ. నూటా పన్నెండు చోట్లా అవ్వే నా వైపు ఉరిమి చూస్తోంది.

"నా పేరు యాడ?" అన్నాను.

ఇంజనీరు చక్రాల మీద నా వైపు తిరిగాడు. పాత చోట ఉన్న పేర్లకు కొత్త చోట ఖాతాలు లేకపోతే పేజీలన్నీ తెచ్చిన ఖాతా కిందికే పోతాయని వివరించాడు. ఆ మాట ముందే చెప్పొచ్చు కదా అంటే "నీవు కేళలిల్ల" అన్నాడు. నేను అడగలేదట.

"పాతది తెరిచి మళ్లీ తెద్దాం" అన్నాను. పాతది లేదు. మీట నొక్కిన పావుగంటకే యజమాని ఆ కంప్యూటరును కింద టైర్ల దుకాణానికి పంపించేశాడు, వాళ్లు దాని మీద పంచర్లు వేసే సామాను పెట్టుకున్నారు.

"ఏమైతాదప్పా ఇప్పుడు?" అన్నాడు యజమాని. "పేరు ఎవరిదైతే ఏం, పని జరుగుతాండాది గదా?"

"అయితే నా పేరే పెట్టొచ్చు గదా సార్, పేరు ఎవరిదైతే ఏం అంటాండారు."

ఆయన తెర మీది ఫొటో వైపు చూశాడు. "మాయమ్మ పేరు మీద ఉండేదాన్ని నేనెట్ల మారుస్తా? ఆమె ఒప్పుకోవల్ల" అన్నాడు.

ఆ తర్వాతి వారంలో కూరెకుప్ప దగ్గర మా సాఫ్ట్‌వేర్ వాడే ఒక కాటా నుంచి ఆపరేటరు ఫోను చేశాడు. రెండేళ్లుగా ఒకే సందేహం మీద నన్ను పీడించిన మనిషి. చీటీ సగంలో ఆగితే ఏం చేయాలి అన్నది ఆ సందేహం. ఆ రోజు అతను సందేహం అడగలేదు.

"ఎవరప్పా ఆ అవ్వ? ఎంత బాగా రాసింది! చదివితే చీటీ వచ్చేసింది."

"అది నేను రాసిందే. అక్షరం కూడా మారలేదు."

"సుమ్నె ఇరప్పా, ఊరికే ఉండు. నీది నేను ఎన్నిసార్లు చదివినా తలకెక్కలేదు. ఇది అవ్వ రాసిందని తెలుస్తాండాది. పెద్దామె పక్కన కూచొని చెప్పినట్టుండాది."

పేజీ కింద అభిప్రాయాలు రాసే చోటు ఒకటుంటుంది. పాత వికీలో నా పేజీల కింద రెండేళ్లలో వచ్చినది ఒకే ఒక్క అభిప్రాయం: 'లెంత్ ఎక్కువ'. అవ్వ పేజీల కింద వారం తిరక్కుండా పదకొండు దండాలు వచ్చాయి. ఆ రోజే నిర్ణయించుకున్నాను. పేజీలన్నీ కాగితాల మీద ముద్రించి, సంచిలో వేసుకుని, ఆదివారం పొద్దున సిరుగుప్ప బస్సెక్కాను.

అవ్వ మిల్లు అరుగు మీద కూర్చుని చేటతో బియ్యం చెరుగుతోంది. చుట్టూ లోడుకు లోడు బియ్యం ఉన్న మనిషి, ఒళ్లో రెండు సేర్లు పెట్టుకుని రాళ్లు ఏరుతోంది. ఫొటోలో కంటే చిన్నగా ఉంది. చూపు మాత్రం అదే.

"నువ్వేనా టైపు చేసే అప్ప?" అంది.

"టైపు కాదవ్వా. రాస్తాను."

"రెండూ ఒకటే గదా."

నేను సంచి కింద పెట్టి జరిగిందంతా చెప్పాను. నిమ్మకాయల సంగతి కూడా చెప్పాను, ఎందుకంటే ఆమె కొడుకు ఆ కథను తన వైపు నుంచి ముందే చెప్పి ఉంటాడు. అవ్వ మొత్తం విని, చేట ఒకసారి ఎగరేసి అంది:

"మా పెద్దోడు ఏమేమో నా పేరు మీద పెడతాండాడు. లారీలుండాయి, నేనెక్కింది లేదు. హొసపేట దావలో యాడో జాగా ఉండాదంట, నేను చూసింది లేదు. ఒగసారి ఏదో ఆఫీసుకు తోడకపోయినారు. ఆడుండే ఆయప్ప 'అవ్వా, ఈ సంతకం దేనికో తెల్సునా' అన్యాడు. నాకేం తెల్సు? నోరు తెర్సుకోని నిలబడిండా. పది మంది చూస్తాండారు. ఎంత నామోషీ!"

"అయితే ఈ పేజీలు నాకిచ్చేయండి. మీకు నామోషీ ఉండదు."

"ఉండు. అవి బాగుండాయని ఎవరో దండాలు పెట్టినారంట గదా, మా కోడలు చెప్పె. ఒక్కోటి సదువు. నాకర్థమైతే అది నాది. ఎవరన్నా అడిగితే చెప్పగలుగుతా. అర్థం గాకుంటే నీది, తీసుకోని పో."

"అదేం న్యాయం అవ్వా? అన్నీ రాసింది నేను!"

"నా పేరు మీద ఉండేది నేనిస్తాండా. న్యాయం నాది గదా?"

నేను లేచి వచ్చేయవలసింది. కానీ నూటా ఆరు పేజీలు అర్థం చేసుకోవడం ఆమె వల్ల ఏమవుతుందిలే అనుకున్నాను. మొదటి కాగితం తీశాను: రెండో తూకానికి రాకుండా వెళ్లిపోయిన లారీని ఏం చేయాలి. చదివాను. అవ్వ తల ఊపింది.

"అర్థమైంది. నాది."

రెండోది, ఒకే నంబరుతో రెండు లారీలు కనబడితే. "నాది." మూడోది, కరెంటు పోయినప్పుడు కాటా మీద ఉన్న లారీ. "నాది. మా మిల్లులోనూ ఇదే తంటా." నాలుగోది డేటాబేసు బ్యాకప్ గురించి. సగం చదివేసరికి అవ్వ చేట దించింది.

"బిడ్డా, ఇది రాసినప్పుడు నీకు జొరమా?"

"కాదవ్వా."

"ఇది నీదే. తీసుకో, తీసుకో."

ఆ తీసుకో అన్న తీరు నాకు నచ్చలేదు. మిగిలిపోయిన కూర పక్కింటివాళ్లకు ఇచ్చినట్టు ఉంది.

అట్లా ఐదు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం బొరుగుల ఉగ్గాని పెట్టించింది, దానితో మిరపకాయ బజ్జీలు కూడా. రెండో ఆదివారం నుంచి ఉగ్గాని మాత్రమే వచ్చింది. అడగలేదు గానీ గమనించాను. వారాలు గడిచేకొద్దీ అరుగు మీద రెండు కట్టలు పెరిగాయి, ఎడమ వైపు అవ్వది, కుడి వైపు నాది. మూడో ఆదివారానికి నాకు ఒక సంగతి తెలిసింది. తెలియకుండా ఉంటే బాగుండేది. నా కట్టలోకి వచ్చినవన్నీ ఇంజనీరు వచ్చాక, ఇంజనీరు చూసి మెచ్చుకోవాలని రాసినవి. ఇంప్లిమెంటేషన్, కాన్ఫిగరేషన్ అంటూ ఊపిరి తీయకుండా సాగేవి. అతను వాటిలో ఒక్కటీ తెరవలేదన్నది వేరే సంగతి. కాటా దగ్గర నిలబడి, ఎండలో చెప్పులు కాలుతుండగా నేర్చుకుని రాసినవన్నీ అవ్వ కట్టలోకి పోతున్నాయి. బాగా రాస్తే ఆమెది, చెడగొడితే నాది.

నాలుగో ఆదివారం ఒక పేజీని గబగబా చదివి చూశాను, మాటలు ఒకదానిమీద ఒకటి ఎక్కేట్టు. అవ్వ చేయెత్తింది. "మెల్లగ సదువప్పా. బస్సు సాయంత్రం గదా." మెల్లగా చదివాను. అది కూడా ఆమెదే అయింది.

ఇంక ఒక్క పేజీ గురించి చెప్పాలి. అది ఖాళీ లారీ తూకం గురించినది. దాన్ని మొదటి ఆదివారం నుంచే సంచి అడుగున పెట్టాను. వికీలో నేను మొదట రాసిన పేజీ అది. కాటాలో చేరిన ప్రతివాడూ మొదట చదివేది అదే. ఖాళీ తూకం తప్పితే ఆ తర్వాత ఏదీ నిలబడదు. మూడు రోజులు ఒక కాటా దగ్గర కూర్చుని డ్రైవర్లతో తిట్లు తిని రాశాను దాన్ని. మొదటి తూకంలో క్యాబినులో ఎంతమంది కూర్చున్నారో రెండోసారీ అంతమందే ఉండాలి. స్టెప్నీ టైరు మధ్యలో దించకూడదు. నీళ్ల డ్రమ్ము నింపితే రాయాలి. మిగిలిన నూటా ఐదు పోయినా సరే, దాని కింద నా పేరు ఉంటే చాలని నాలో నేను ఎప్పుడో రాజీ పడిపోయాను. యజమానికి మాత్రం ఆ సంగతి తెలియనివ్వలేదు.

ఐదో ఆదివారం మధ్యాహ్నానికి, అడుగున దాచినది తప్ప, సంచి ఖాళీ అయింది. నా కట్టలో ముప్పై తొమ్మిది.

"ఇంగొకటి ఉండాది గదా" అంది అవ్వ. "మొదట్నుంచీ అడుగుకు తోస్తాండావు. తియ్యి."

తీశాను. చదివాను. గబగబా చదవలేదు. తప్పించి చదవాలనుకున్నాను, నిజమే. రెండు మాటలు మింగేయాలనుకున్నాను. కానీ మొదటి వాక్యం నోట్లోకి రాగానే అది తనంతట తాను సరిగ్గా పలికింది. డ్రమ్ము దాకా చదివి ఆపాను. అవ్వ చాలాసేపు నా మొహం చూసింది, కాగితం చూడలేదు.

"నాకర్థం కాలేదు నాయనా" అంది. "తీసుకో. నీదే."

నేను కాగితం మడిచి కట్టలో పెట్టుకుని లేస్తే అయిపోయేది. కానీ అర్థం కాకపోవడమేమిటి? ఆ పేజీయా? చదువు రాని క్లీనర్లకు చదివి వినిపిస్తే వాళ్లకు అర్థమైన పేజీ అది!

"ఏది అర్థం కాలేదవ్వా?"

"ఏమో. మొత్తం."

"మొత్తమా! క్యాబినులో మనుషుల సంగతి అర్థం కాలేదా?"

"లేదు."

"స్టెప్నీ?"

"అదేందో అసలే తెలీదు."

"పోయిన ఆదివారం మీ మిల్లు లారీ డ్రైవర్ని స్టెప్నీ యాడ పెట్టినావని మీరే గదా తిట్టినారు!"

అవ్వ చేట కింద పెట్టేసింది. "అబ్బా! తీసుకోమంటే తీసుకోవేందప్పా? ఊరికే ఇస్తాండా గదా!"

"నాకు ఊరికే వద్దు. అర్థం కాలేదంటే ఒప్పుకోను. ఐదు వారాలుగా కాటా సంగతి దేన్నీ వదలకుండా అర్థం చేసుకున్నారు. ఇదొక్కటే అర్థం కాలేదంటే నమ్మడానికి నేనేమన్నా పిచ్చోణ్ణా? మళ్లీ చదువుతా, వినండి."

మళ్లీ చదివాను, మొదటి నుంచి, ఈసారి ఇంకా నిదానంగా. ముగించకముందే అవ్వ అడ్డు తగిలింది.

"చాలు! పొద్దున ఇద్దరు కూచోని తూకం ఎక్కితే మాపున ఒగడు దిగి నిలబడగూడదు. స్టెప్నీ దావలో దించి పోగూడదు. డ్రమ్ములో నీళ్లు పోస్తే రాయల్ల, లేకుంటే నీళ్లే ఖనిజమైపోతాది. ఇదే గదా? సాలునా?"

నీళ్లే ఖనిజమైపోతాది. ఆ మాట నాకు తట్టలేదు. నేను దానికి నాలుగు వాక్యాలు రాశాను.

"చాలు" అన్నాను.

"అర్థమైనట్లేనా?"

"అయినట్లే."

"అయితే ఇది నాది. నువ్వే ఒప్పుకుంటివి, నేనడగలేదు." కాగితం తీసి ఎడమ కట్ట మీద పెట్టుకుని చేత్తో ఒకసారి సర్దింది. అప్పుడు ఇంకో మాట అంది: "వాన పడి టార్పాలిను తడిసింటే? ఎండేదానికి ముందొక తూకం, ఎండినాక ఒక తూకం. అది రాసిండావా?"

రాయలేదు. మూడు రోజులు కాటా దగ్గర కూర్చున్నప్పుడు వాన రాలేదు.

"రాయి" అంది.

పెన్ను తీసి ఆ పేజీ అంచున రాశాను. ఆమె వంగి, అక్షరాలు రాకపోయినా, చివరిదాకా చూసింది. ఆ రోజు బజ్జీలు వచ్చాయి. తినలేదు, పొట్లం కట్టించుకున్నాను.

మరుసటి రోజు ఇంజనీరు పక్కన నిలబడి ముప్పై తొమ్మిది పేజీల కింద నా పేరు పెట్టించాను. ఆ ముప్పై తొమ్మిదీ ఎవరూ తెరవరు. తడి టార్పాలిను సంగతి ఖాళీ తూకం పేజీలో ఎక్కించాను, నీళ్ల గురించి అవ్వ అన్న మాట కూడా. సాయంత్రానికి దాని కింద నాలుగు దండాలు పడ్డాయి. ఎక్కించింది నేనని ఎక్కడా లేదు.